స్టూడెంట్స్ ఇచ్చే ఫీడ్‌బ్యాక్: మెడికల్ టీచర్లలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

మెడికల్ స్టూడెంట్స్‌కి పాఠాలు చెప్తూ, కాలేజీ వాతావరణం మీద వాళ్ళు నింపిన ఫారాలు చదవడం కూడా నా పనిలో భాగమే. చదివిన ప్రతిసారీ తోటి ఫ్యాకల్టీ నుంచి అవే మాటలు వినిపిస్తాయి, అందుకే ఈ పోస్ట్.

అపోహ: పిల్లలకేం తెలుసు, అటెండెన్స్ ఈజీగా ఇచ్చే సారే మంచి సార్ అంటారు.

వాస్తవం: ఏం అడిగామన్నదాన్ని బట్టి ఉంటుంది. కాలేజీలో చదువుకునే వాతావరణం ఎలా ఉందో కొలవడానికి డండీ యూనివర్సిటీ నుంచి 1997లో వచ్చిన డ్రీమ్ (DREEM) అనే ప్రశ్నావళి తీసుకోండి. 50 వాక్యాలు, ఎంత ఒప్పుకుంటారన్నదాన్ని బట్టి ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 200. టీచర్లు ఎగతాళి చేస్తారా, ఒత్తిడిలో ఉన్నవాళ్ళని ఆదుకునే ఏర్పాటుందా, కోర్సుని ఆస్వాదించలేనంత అలిసిపోతున్నావా, ఇలాంటివి ఉంటాయి అందులో. ఇవి అనుభవించేవాళ్ళకి కాక ఇంకెవరికి తెలుస్తాయి?

అపోహ: 130 వచ్చింది, మన కాలేజీకి ఢోకా లేదు.

వాస్తవం: 101 నుంచి 150 అంటే చెడు కన్నా మంచి ఎక్కువ అని మాత్రమే. 130 అంటే ఒక్కో వాక్యానికి సగటు 2.6, అందులో ఒత్తిడి వాక్యం 1 దగ్గర పడి ఉన్నా పైకి కనపడదు, కాబట్టి మొత్తం చూసి ఫైల్ మూసేయకుండా సగటు 2 గానీ అంతకన్నా తక్కువ గానీ వచ్చిన వాక్యాలు విడిగా తీసి చూడాలి. ఇంకోటి, 9 వాక్యాలు నెగటివ్‌గా ఉంటాయి, వాటి మార్కులు తిరగేసి వెయ్యాలి, అది మర్చిపోతే లెక్కంతా తప్పే.

అపోహ: నలుగురిలో తిడితేనే బుర్రకెక్కుతుంది, మేమూ అలాగే నేర్చుకున్నాం.

వాస్తవం: దీని దగ్గర నేను అస్సలు తగ్గను. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు రౌండ్స్‌లో ఒక మర్మర్ (గుండె చప్పుడులో వినిపించే అదనపు శబ్దం) వినపడలేదని చెప్పినందుకు పేషెంట్ ముందే నన్ను చాలా మాటలన్నారు. ఆ రోజు నేను నేర్చుకున్నది మర్మర్ కాదు, వినపడకపోయినా వినపడిందని తలూపడం. అలా తలూపడం అలవాటైన మనిషే రేపు హౌస్ సర్జన్ అవుతాడు, అర్ధరాత్రి డోస్ మీద డౌటొచ్చినా తిట్లు గుర్తొచ్చి సీనియర్‌కి ఫోన్ చెయ్యడు, దాని ఫలితం పేషెంట్ అనుభవిస్తాడు. కష్టమైన ప్రశ్నలు అడగండి, తెలిసేదాకా వదలకండి, కానీ తెలియదని చెప్పినవాడిని అవమానించకండి.

అపోహ: కొత్త బిల్డింగ్ కడితే వాతావరణం మారిపోతుంది.

వాస్తవం: ఆ 50 వాక్యాల్లో, స్టూడెంట్స్ ఉండే వసతి గురించి ఒక్కటే ఉంది. మిగతాదంతా మనుషులు, చదువు, నడవడిక.

అపోహ: ఫారం నింపించాం, మన పని అయిపోయింది.

వాస్తవం: ముందు పేర్లు అడగడం మానండి. తర్వాత ఏం బయటపడిందో, ఏం మార్చామో, ఏది ఎందుకు మార్చలేకపోయామో అదే బ్యాచ్‌ని కూర్చోబెట్టి చెప్పండి. చెప్పకపోతే మళ్ళీసారి అన్నిటికీ 2 టిక్ పెట్టి ఇచ్చేస్తారు. 2 అంటే ఆ ఫారంలో 'చెప్పలేను' అని.