అచ్చు మీద సీసం పులుముకుంటోందా? అపోహలు - వాస్తవాలు

చట్టం ఒప్పుకున్న చోట, లైసెన్సు ఉండి, ఇంట్లోనే సీసం బుల్లెట్లు పోసుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే. అచ్చు పై ముఖం మీద, దాని మీద అటూ ఇటూ తిరిగి, పైన మిగిలిన సీసాన్ని (స్ప్రూని) తెంచే స్ప్రూ ప్లేట్ అడుగున, వెండి పూత వేసినట్టు సీసం పట్టేస్తోంది, ఏం చేయాలి? వెనకే ఎవరో చెప్పిన చిట్కాలు కూడా వస్తాయి. వాటిలో సగం పని చేయవు, కొన్నయితే అచ్చునే పాడు చేస్తాయి.

అపోహ: సీసం పులుముకుంటోందంటే అచ్చు నాసిరకం.

వాస్తవం: చాలాసార్లు తప్పు అచ్చుది కాదు, మన తొందరది. పోసిన సీసం పైన చిన్న మడుగులా నిలుస్తుంది కదా, అది లోపల ఇంకా మెత్తగా ఉండగానే ప్లేట్ తిప్పితే తెగదు, వెన్న మీద కత్తి లాగినట్టు సాగి అచ్చు ముఖమంతా పులుముకుంటుంది. స్వచ్ఛమైన సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కసారిగా గట్టిపడుతుంది. కానీ మనలో చాలామంది వాడేది తగరం, యాంటిమొనీ కలిసిన మిశ్రమం. అది 300 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా గట్టిపడడం మొదలుపెట్టి దాదాపు 240కి దిగేదాకా పూర్తిగా గట్టిపడదు. ఆ మధ్యలో గంజిలో మెతుకుల్లా సగం గట్టి, సగం ద్రవం. పైకి మాత్రం గట్టిపడినట్టే కనిపిస్తుంది, మోసపోయేది అక్కడే.

అందుకే మడుగుని చూడండి. పోసిన వెంటనే అద్దంలా మెరుస్తుంది, కాసేపటికి మధ్యలో చిన్న గుంట పడి మెరుపు తగ్గి మబ్బు కమ్మినట్టు అవుతుంది. ఆ రంగు మారిన క్షణం నుంచి నేను ఇంకో ఐదారు లెక్కపెట్టి అప్పుడు ప్లేట్ తిప్పుతాను. అచ్చు బాగా వేడెక్కిపోయిన రోజు పది కూడా లెక్కపెడతాను. తెగిన చోట గరుగ్గా, చిరిగినట్టు ఉందంటే ఇంకా తొందరపడుతున్నట్టే.

అపోహ: సీసం ఎంత వేడిగా ఉంటే బుల్లెట్ అంత బాగా వస్తుంది.

అచ్చు చల్లగా ఉంటే ముడతలు పడతాయి, నిజమే. కానీ దానికి మందు అచ్చుని ముందే వేడి చేసుకోవడం, కుండలో సీసాన్ని మరిగించడం కాదు. బుల్లెట్ ఒళ్ళంతా తెల్లగా మంచు పట్టినట్టు వస్తోందంటే అచ్చు వేడి ఎక్కువైంది. అప్పుడు మడుగు గట్టిపడడానికి చాలాసేపు పడుతుంది, పులుముడూ పెరుగుతుంది. వేగం తగ్గించండి, ఒక థర్మామీటర్ కొనుక్కోండి.

అపోహ: నూనె దండిగా రాస్తే సీసం అంటదు.

ఇది సగం నిజం, అందుకే ఎక్కువ నష్టం చేస్తుంది. ప్లేట్ అడుగుకీ, అది తిరిగే స్క్రూకీ నూనె కావాలి, కానీ ఒక చుక్కలో సగం చాలు. టూ-స్ట్రోక్ ఇంజన్లకు వాడే సింథటిక్ ఆయిల్ ఈ పనికి బాగుంటుంది. ఎక్కువైతే వేడికి పలచబడి అచ్చులో బుల్లెట్ తయారయ్యే గుంటల్లోకి జారుతుంది, ఆ తర్వాత ఎన్ని పోసినా బుల్లెట్ల మీద ముడతలే. నేనెలా రాస్తానంటే, స్ప్రూ తెంచాక అచ్చు విప్పకుండా, బుల్లెట్లు గుంటల్లో ఉండగానే ప్లేట్ పక్కకు తిప్పి, దూది పుల్లతో పై ముఖం, ప్లేట్ అడుగు తుడుస్తాను. గుంటలు బుల్లెట్లతో నిండి ఉంటాయి కాబట్టి నూనె లోపలికి పోదు. తర్వాత పొడి పుల్లతో మళ్ళీ తుడిచేస్తాను, కంటికి తడి కనబడకూడదు.

కొవ్వొత్తి పొగ పట్టించడం గురించి కూడా చెబుతారు. గుంటలో పలచటి మసి బుల్లెట్ ఊడిరావడానికి కొంత సాయపడవచ్చు గానీ, పైన పులుముడుకి దానితో సంబంధం లేదు. మందంగా పడితే కొలత కూడా మారిపోతుంది.

అపోహ: అల్యూమినియం అచ్చుకి ఈ బాధ ఉండదు.

అల్యూమినియం మీదున్న ఆక్సైడ్ పొర వల్ల సీసం టంకం వేసినట్టు అతకదు, అంతవరకు సరే. కానీ అల్యూమినియం మెత్తటి లోహం, ప్లేట్ అంచున చిన్న బొడిపె ఉన్నా గీత పడుతుంది, గీతలోకి సీసం దిగి పట్టు దొరికించుకుంటుంది. స్క్రూ మరీ బిగించినా ఇదే గతి. అచ్చుని పక్కకు వంచితే ప్లేట్ తన బరువుకే తిరగాలి, అలాగని పైకీ కిందికీ ఊగకూడదు.

అపోహ: పట్టిన సీసాన్ని గీకి తీసేస్తే సరిపోతుంది.

దయచేసి ఇనుప వస్తువు పెట్టకండి. నేర్చుకునే రోజుల్లో నేను స్క్రూడ్రైవర్‌తో గీకాను, సీసం పోయింది, గీత మిగిలింది, ఆ తర్వాత ప్రతిసారీ సరిగ్గా ఆ గీత దగ్గరే సీసం పట్టేది. అచ్చు వేడిగా ఉండగా, మచ్చ మీద నూనె తగిలించిన దూది పుల్ల పెట్టి, వెదురు పుల్లతోనో గట్టి చెక్క ముక్కతోనో తోస్తే రేకులా లేచి వస్తుంది. తర్వాత నూలు గుడ్డతో తుడవండి, సింథటిక్ గుడ్డ అయితే కరిగి అదే అంటుకుంటుంది. కొంచెమే కదా అని వదిలేయొద్దు. ఆ పలచటి పొరే ప్లేట్‌ని పైకి లేపుతుంది, సందులోకి సీసం పాకి బుల్లెట్ అడుగున రెక్కలా వస్తుంది. తుపాకీ గొట్టం నుంచి బయటపడేటప్పుడు వాయువు చివరిగా తోసేది ఆ అడుగునే, అది సమంగా లేకపోతే గురి తప్పుతుంది.

అపోహ: ప్రమాదమంతా సీసం ఆవిరిలోనే, కిటికీ తీస్తే చాలు.

గాలి తప్పకుండా ఆడాలి. కానీ మనం పోసే వేడికి సీసం ఆవిరయ్యేది తక్కువే, అది మరిగేది 1,700 డిగ్రీలు దాటాక. అసలు ప్రమాదం పైన తేలే తెట్టు పొడిలో, చేతులకీ బట్టలకీ అంటుకునే దుమ్ములో ఉంది. అచ్చు తుడిచిన పుల్లలు, గుడ్డలు కూడా అందులో భాగమే, మూత ఉన్న డబ్బాలో వేయండి. వంట గిన్నెలు ఈ పనికి తేవద్దు, అక్కడ ఏదీ తినొద్దు, చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోవద్దు. పిల్లల విషయంలో ఇంత సీసం పర్వాలేదు అనే లెక్కే లేదు.

ఇంకొకటి. అచ్చు త్వరగా చల్లారాలని తడిగుడ్డ అద్దేవాళ్ళు ఉన్నారు. గుంటలో మిగిలిన చుక్క నీటి మీద కరిగిన సీసం పడితే అది ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. అచ్చుని ఆరబెట్టిన చెక్క మీద పెట్టి ఆగండి, లేదా రెండు అచ్చులు పెట్టుకుని ఒకటి చల్లారేలోపు రెండోది పోయండి.