మసి పట్టిన కన్ను

చంటీ, బుజ్జీ,

మొన్న ఫోన్లో అడిగారుగా, "తాతయ్యా, నైట్ డ్యూటీలో ఏం చేసేవాడివి?" అని. పక్కనుంచి అమ్మమ్మ "మంట ఉందో లేదో చూసొచ్చేవాడు" అంది. ఎగతాళికే అన్నా, అది నిజమే.

నేను చూసుకున్నది గ్యాస్ టర్బైన్‌ని, అంటే ఇంధనం కాల్చి ఆ వేడిగాలితో చక్రాలు తిప్పే మెషిన్‌ని. పేరుకి గ్యాస్ టర్బైనే అయినా గ్యాస్‌తోనే నడవాలని లేదు. మాది డీజిల్‌తో నడిచేది. దాని నడుం చుట్టూ పది ఉక్కు డబ్బాలు ఉండేవి, క్యాన్లు అనేవాళ్ళం. డీజిల్ కాలేది వాటిలోనే. స్పార్క్ ప్లగ్గులు మాత్రం రెండింటికే. మరి మిగతావి ఎలా అంటుకుంటాయి? కార్తీక పౌర్ణమికి అమ్మమ్మ ఒక ప్రమిద వెలిగించి, దాంతో పక్కది, దాంతో ఆ పక్కది వెలిగిస్తుంది చూడండి, అలాగే. క్యాన్‌కీ క్యాన్‌కీ మధ్య ఒక గొట్టం ఉంటుంది. వెలిగినదాంట్లో ప్రెషర్ పెరిగి, మంట ఆ గొట్టంలోంచి పక్కదాంట్లోకి దూకుతుంది.

ఇదంతా బయటికి కనపడదు. అందుకే ప్లగ్గులకు దూరంగా, అవతలి వైపు క్యాన్లకు ఫ్లేమ్ స్కానర్లు బిగిస్తారు. మా మెషిన్‌కి నాలుగు. మంటలోంచి వచ్చే అతినీలలోహిత కిరణాలను అవి పట్టుకుంటాయి. ఎర్రగా కాలిన ఇనుములో ఆ కిరణాలు దాదాపు ఉండవు కాబట్టి, దాన్ని చూసి మంట అనుకోవు. డీజిల్ వదిలాక ఒక్క నిమిషం గడువు. ఈలోగా కనీసం రెండు స్కానర్లు "మంట ఉంది" అనకపోతే కంట్రోల్ సిస్టమ్ డీజిల్ కట్టేస్తుంది.

ఒక వానాకాలం రాత్రి అదే జరిగింది. స్టార్ట్ చేశాం, ట్రిప్ అయింది, అంటే దానంతటదే ఆగిపోయింది. మళ్ళీ చేశాం, మళ్ళీ ట్రిప్. కొత్తగా చేరిన కుర్రాడు "స్కానర్ సిగ్నల్ ఫోర్స్ చేసేద్దాం సార్" అన్నాడు. అంటే మంట ఉన్నట్టు కంప్యూటర్‌కి అబద్ధం చెప్పడం. గట్టిగానే కసిరాను. నిజంగా మంట లేకపోతే డీజిల్ లోపల కారుతూనే ఉంటుంది. తర్వాత ఎప్పుడో అంటుకుంటే ఒక్కసారే భగ్గుమంటుంది. అందుకే ప్రతి ట్రిప్ తర్వాతా డ్రెయిన్‌లోంచి డీజిల్ పోయిందో లేదో చూసి, మెషిన్‌ని మంట లేకుండా తిప్పి లోపల గాలి బాగా ఆడనిచ్చి, అప్పుడే మళ్ళీ మొదలుపెట్టాలి.

స్కానర్ మాట ఒక్కటే నమ్మకుండా ఎగ్జాస్ట్ టెంపరేచర్ గ్రాఫ్ తీశాను. మంట పుడితే పొగగొట్టం వైపు వేడి కొలిచే థర్మోకపుల్స్‌కి తెలియాలి కదా! రెండుసార్లూ వేడి జర్రున పైకి లేచి, ట్రిప్ అవగానే పడిపోయింది. అంటే మంట పుట్టింది. చూడాల్సిన కళ్ళే చూడలేదు. వేడి లేవకపోయి ఉంటే డీజిల్ చిమ్మే నాజిల్స్ వైపో, ప్లగ్గుల వైపో వెతికేవాణ్ణి.

మెషిన్ చల్లారాక ఒక స్కానర్ ఊడదీశాం. వాటిలో 300 వోల్టులు దాటి కరెంటు ఉంటుంది, ముందు సప్లై తీసెయ్యాలి. ముందున్న క్వార్ట్జ్ గాజు లాంతరు చిమ్నీలా నల్లగా ఉంది. వేలితో రాస్తే జిడ్డు మసి. గ్యాస్ మంటకి ఈ బాధ తక్కువ. డీజిల్‌ని సన్నటి తుంపరగా చేసే గాలి సరిగా అందకపోతే మాత్రం అది సరిగా కాలదు, పొగ వస్తుంది. కాలని తుంపర కూడా అడ్డం పడి ఆ కిరణాలను మింగేస్తుంది.

అన్నీ తుడిచాం. రెండు బాగానే పలికాయి. మూడోది వెలుగుతూ ఆరుతూ ఉంది. దాన్ని నాలుగోదాని చోట, నాలుగోదాన్ని దాని చోట బిగించి చూశాం. కొత్త చోట మూడోది నిలకడగా పలికింది, జబ్బు దాంతో వెళ్ళలేదు! అయితే తప్పు పాత చోటి కేబుల్‌దే. జంక్షన్ బాక్స్ మూత తీస్తే లోపల వాననీళ్ళు. నాలుగోది ఎక్కడ పెట్టినా పలకలేదు. వర్క్‌షాప్‌కి తెచ్చి లైటర్ మంట చూపించినా ఉలకలేదు, చచ్చిపోయింది.

తెల్లారి అయిదింటికి మెషిన్ అందుకుంది. ఆ కుర్రాడే టీ తెచ్చిచ్చాడు. తర్వాత తుంపర గాలి లైన్ కూడా విప్పి సరిచేశాంలే.

స్టోర్స్ వాళ్ళు తుక్కులో పడేస్తుంటే ఆ చచ్చిన స్కానర్ని అడిగి తెచ్చుకున్నాను. అటక మీద ట్రంకు పెట్టెలో ఉంది. సెలవులకు వచ్చినప్పుడు చూద్దురుగాని.

మీ
తాతయ్య