ట్రియెస్టేలో పరాయివాళ్లెవరు?

2020 జులై 13న ఇటలీ, స్లొవేనియా అధ్యక్షులు మాతరెల్లా, పాహోర్ ట్రియెస్టేలో కలిశారు. ఇటలీ ఈశాన్య మూలన, స్లొవేనియా సరిహద్దు పక్కనే ఉన్న రేవు పట్టణం ఇది. ఆ రోజే నారోద్నీ దోమ్ అనే ఒకప్పటి స్లొవేనియన్ల సాంస్కృతిక భవనాన్ని అక్కడి స్లొవేనియన్లకు తిరిగి ఇచ్చేందుకు సంతకాలు జరిగాయి. ఒక్క భవనం కోసం ఇద్దరు దేశాధ్యక్షులు ఎందుకు రావాల్సి వచ్చింది? దాని వెనుక పెద్ద కథే ఉంది.

1382లో వెనిస్ పోరు పడలేక ట్రియెస్టే తనంతట తానే ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్ వంశం నీడకు చేరింది. 1719లో ఆరవ చార్లెస్ చక్రవర్తి దీన్ని సుంకాలు లేని రేవుగా ప్రకటించాక ఊరి దశ తిరిగింది. గ్రీకులు, సెర్బులు, యూదులు వచ్చి స్థిరపడ్డారు. 1857లో వియన్నా రైలు వచ్చింది. నిజం చెప్పాలంటే ఈ ఊరిని ఇంత చేసింది ఆస్ట్రియానే. అయినా పక్కన ఇటలీ ఒక్కటయ్యాక ఇక్కడి ఇటాలియన్లలో చాలామందికి వియన్నా పరాయిదైంది. ఆస్ట్రియా చక్రవర్తిని చంపాలనుకున్న ఒబెర్డాన్ అనే కుర్రాణ్ని 1882లో ఉరి తీశారు.

1918 నవంబరు 3న ఇటలీ సైన్యం రేవులో దిగింది. ఇటాలియన్లకు అది విముక్తి. స్లొవేనియన్లకు మాత్రం పరాయి పాలన మొదలైంది ఆ రోజునే. 1920 జులై 13న ఫాసిస్టులు నారోద్నీ దోమ్‌ను తగలబెట్టారు. నాటకశాల, బ్యాంకు, హోటలు అన్నీ అందులోనే ఉండేవి. తర్వాత స్లొవేనియన్ బడులు మూయించారు, ఇంటిపేర్లు కూడా ఇటాలియన్‌లోకి మార్పించారు. మనిషి పేరునే లాక్కోవడం కన్నా పెద్ద అవమానం ఏముంటుంది?

1943లో నాజీలు వచ్చి ఊళ్లోని సాన్ సబ్బా పేటలో ఉన్న పాత రైసు మిల్లును చిత్రహింసల శిబిరంగా మార్చి, శవాలను కాల్చే కొలిమి కట్టారు. 1945 మే 1న యుగోస్లావియా సేనలు వచ్చి 40 రోజులు ఉన్నాయి. అప్పుడు పట్టుకెళ్లిన వారిలో చాలామంది తిరిగి రాలేదు. కొందరిని ఫోయిబె అనే లోతైన గోతుల్లో పడేశారు. 1947 శాంతి ఒప్పందం ట్రియెస్టేను ఏ దేశానికీ చెందని స్వేచ్ఛా ప్రాంతం అంది గానీ, దానికి గవర్నరును ఎన్నడూ నియమించలేదు. నగరాన్ని బ్రిటన్, అమెరికా సైన్యాలే ఏలాయి. ఊరిని ఇటలీలో కలపాలంటూ రేగిన 1953 నవంబరు అల్లర్లలో ఆరుగురు చనిపోయారు. 1954 అక్టోబరులో ఊరు మళ్లీ ఇటలీ చేతికి వచ్చింది.

2020లో ఆ అధ్యక్షులిద్దరూ ట్రియెస్టే శివారు గ్రామం బసోవిజ్జాలో ముందు ఫోయిబె స్మారకం దగ్గర, తర్వాత 1930లో ఫాసిస్టు ఇటలీ కాల్చి చంపిన నలుగురు స్లొవేనియన్ల స్మారకం దగ్గర చేతులు పట్టుకుని నిలబడ్డారు.