తాతమ్మ రవిక ఎందుకు వేసుకోలేదంటే

పిల్లలూ,

మొన్న పాత ఫొటోలు చూసి, తాతమ్మ జాకెట్ ఎందుకు వేసుకోలేదు మామ్మా అని అడిగారు కదా, మీలో ఒకరు నవ్వారు కూడా. వీడియో కాల్లో రెండు ముక్కల్లో తేల్చేసే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

తాతమ్మ పుట్టింది 1900ల మొదట్లో. అప్పట్లో మన వైపు రవిక అందరూ వేసుకు తీరాల్సిన బట్టేం కాదు, వేసుకున్నవాళ్లకి కూడా హుక్కులుండేవి కాదు, ముందు ముడేసుకునే రవికలే. పైటే ఒంటినిండా చుట్టుకుని కప్పుకునేవారు. చోడవరం, అనకాపల్లి పల్లెల నుంచి వచ్చే ముసలమ్మలు నా పెళ్లయ్యాక కూడా అలాగే సంతకొచ్చేవారు, ఎవరూ వింతగా చూసేది లేదు. చాలామందికి పైట కుడి భుజం మీదుండేది, మీ అమ్మ ఎడమ వేపు వేసుకుంటుంది చూడండి, దానికి ఎదురన్నమాట.

కట్టు సంగతి చెప్తాను, అదే అసలైంది. ఎనిమిది గజాల చీర, అంటే ఏడు మీటర్ల పైమాటే, నడుం దగ్గర ముడేసి ఒక కొస కుచ్చెళ్లు పోసి కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి గోచీ దోపేవారు, రెండో కొస పైటకి. లోపల లంగా అక్కర్లేదు. మోకాళ్ల దాకా ఎగ్గట్టుకుంటే బురదలో వంగి వరి నాట్లు వేసినా, జాలారిపేట నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి గబగబా నడిచినా కాళ్లకి అడ్డం పడదు. నెత్తిన పాతగుడ్డతో చుట్టకుదురు, దాని మీద తట్ట, ఉప్పునీళ్లు వీపు మీదకి కారుతూ ఉండేవి, ఆ మనిషి చీర ఎంత ముతకైతే అంత మేలు. రొంటిన చిన్న గుడ్డసంచి, అందులో చిల్లర, వక్క, చుట్టముక్క. చుట్ట నిప్పున్న వేపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు, మాట్లాడుతూనే! ఆ అలవాటు మాత్రం మంచిది కాదర్రా, దానివల్ల అంగిట్లో కాన్సర్ వస్తోందని మన ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లు పరిశోధన చేసి మరీ రాశారు.

బట్ట అంటే చాలామందికి ఊళ్లో మగ్గం మీద నేసిందే. పొందూరులో ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి శుభ్రం చేసి సన్నటి నూలు వడికేవారు, ఇప్పటికీ వడుకుతున్నారు, కానీ అంత సన్నటిది కూలి చేసుకునే ముసలమ్మకి ఎక్కడొస్తుంది. యుద్ధం రోజుల్లో మరీ కష్టం, 1942 ఏప్రిల్ 6న మన వైజాగ్ మీద జపాన్ వాళ్లు బాంబులేశారు, ఆ మరుసటేడు నుంచి బట్టకి కూడా కంట్రోలు, అంటే సర్కారు కట్టడి. ఉన్న చీరకే అతుకులేసి కట్టుకున్నారు, ఇక కట్టడానికి పనికిరాకపోతే ఉయ్యాల, అదీ చిరిగితే బొంత.

ఇప్పుడు నాకు బాధగా ఉండే మాట. తాతమ్మ పక్కన తెల్లచీర, నెత్తిన ముసుగుతో ఉన్నావిడ ఎవరన్నారు కదా, వాళ్ల పక్కింటావిడ. చిన్నప్పుడే భర్త పోతే జుట్టు తీయించి, బొట్టూ గాజులూ తీసేసి, రంగు బట్ట జన్మలో కట్టకూడదన్నారు. అది ఆవిడ ఇష్టపడి కట్టుకున్నది కాదు. వీరేశలింగం గారు 1881లోనే రాజమండ్రిలో వితంతు వివాహం చేయించారు, అయినా ఈ తెల్లచీర ఇళ్లల్లోంచి పోడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. కాయకష్టం చేసుకునే చాలా కులాల్లో జుట్టు తీయించడం లేదు, మారుమనువు కూడా ఉండేది, ఆ విషయంలో వాళ్లే నయం అంటాను నేను. ఏ మనిషి ఒంటి మీద రంగు ఉండాలో లేదో పక్కవాళ్లు చెప్పడం ఏటి అసలు?

తర్వాత ఓయిల్ చీరలు, అంటే పల్చటి నూలువి, ఆపైన నైలాన్ చీరలు వచ్చాయి, నైలాన్‌వి ఉతికితే త్వరగా ఆరిపోతాయి, గంజి పెట్టక్కర్లేదు. పోర్టులో, షిప్ యార్డులో ఉద్యోగాలొచ్చిన ఇళ్లల్లో కోడళ్లు లోపల లంగా, జాకెట్, కుచ్చెళ్ల చీరలోకి మారారు, అత్తలు మాత్రం చాలామంది గోచీలోనే ఉండిపోయారు, తాతమ్మ కూడా. ఒకసారి మీ తాతయ్య నైలాన్ చీర తెస్తే చేత్తో తడిమి, ఇది చెమట పీల్చదు నాయనా అని మడతపెట్టి నాకిచ్చేసింది.

సంక్రాంతికి వచ్చినప్పుడు గోచీ కట్టు నేర్పిస్తాను. మీ అమ్మ చీరలు అయిదున్నర మీటర్లే, చాలవు, తాతమ్మది ఒకటి పెట్టెలో ఉంది, దాంతో నేర్చుకుందురు గాని.

మీ మామ్మ