ఓడలు చెప్పేది చిన్న పడవకూ వినపడాలి

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 50 మీటర్లకు మించిన ఓడ మాస్టు దీపం 6 నాటికల్ మైళ్ల దూరం నుంచి కనబడాలి. 20 నాట్ల వేగంతో, అంటే గంటకు 20 నాటికల్ మైళ్లతో వచ్చే ఓడకు ఆ దూరం 18 నిమిషాల ప్రయాణం. వాన పడుతున్నా, అలలు లేచినా ఆ 18 నిమిషాలు కూడా మిగలవు. అటువైపు ఓడలో కాపలా ఉన్న మనిషికి చెక్క పడవో ఫైబర్ పడవో రాడార్‌లో కనబడుతుందన్న గ్యారంటీ లేదు. వాటి నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని బలహీనంగా ఉండి, అలల నుంచి వచ్చే ప్రతిధ్వనుల్లో కలిసిపోతుంది.

అదే ఓడ దీపం కనబడక ముందు నుంచే తన పేరు, ఉన్న చోటు, వేగం, దిశ రేడియోలో బాహాటంగా చెప్పుకుంటూ వస్తుంది. రహస్య సంకేతాల్లేవు, చందా లేదు. వినే పరికరం ఉంటే చాలు. అందుకే చిన్న పడవలో సురక్షిత ప్రయాణం కోసం పెట్టే ఖర్చుల్లో ఈ రిసీవర్‌కు నేను చాలా ముందు వరుసలో చోటిస్తాను.

ఈ ఏర్పాటు పేరు ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్, పొట్టిగా ఏఐఎస్. సముద్రంలో ప్రాణరక్షణ కోసం దేశాలు చేసుకున్న సోలాస్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నేజీ, అంతకు మించిన ఓడలన్నీ, పరిమాణంతో పనిలేకుండా ప్రయాణికుల ఓడలన్నీ 2004 చివరికల్లా దీన్ని అమర్చుకోవాల్సి వచ్చింది. అది 161.975, 162.025 మెగాహెర్ట్జ్ అనే రెండు వీహెచ్ఎఫ్ (వెరీ హై ఫ్రీక్వెన్సీ) రేడియో చానళ్ల మీద మాట్లాడుతుంది. అంతమంది ఒకేసారి మాట్లాడితే గందరగోళం కాదా అంటే, దానికి చాలా అందమైన పరిష్కారం ఉంది. ఒక్కో చానల్‌లో ఒక్కో నిమిషాన్ని 2250 గడులుగా విడగొట్టారు. ఒక్కో గడి నిడివి దాదాపు 27 మిల్లీసెకన్లు. ప్రతి ఓడా జీపీఎస్ గడియారాన్ని పట్టుకుని, ఖాళీగా ఉన్న గడి చూసుకుని, తర్వాత ఏ గడిలో మాట్లాడబోతోందో ముందే చెప్పి మరీ మాట్లాడుతుంది. మధ్యలో పెత్తనం చేసే కేంద్రమంటూ ఉండనక్కర్లేదు. వేగంగా వెళ్లే ఓడ 2 సెకన్లకోసారి, నెమ్మదిగా వెళ్లేది 10 సెకన్లకోసారి, లంగరేసినది 3 నిమిషాలకోసారి తన స్థానం చెబుతుంది.

ఏఐఎస్ సందేశాలు పోయే వేగం సెకనుకు 9600 బిట్లు, అంటే ఈనాటి లెక్కల్లో నత్తనడకే. ఆ నిదానమే మనకు మేలు చేసింది. అంత తక్కువ వేగపు సంకేతాన్ని విప్పడానికి ఖరీదైన ఎలక్ట్రానిక్స్ అక్కర్లేదు. కంప్యూటర్‌లో డిజిటల్ టీవీ చూడటానికి అమ్మిన యూఎస్‌బీ డాంగిల్స్ చాలావాటిలో ఆర్‌టీఎల్2832యూ అనే చిప్ ఉండేది. అది టీవీ బొమ్మగా మార్చని ముడి రేడియో శాంపిళ్లను కూడా కంప్యూటర్‌కు పంపగలదని 2012 నాటికి తేలింది. ఆస్మోకామ్ అనే ఓపెన్ సోర్స్ బృందం అందుకు కావాల్సిన సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా ఇచ్చింది. ఈ డాంగిల్ ఒక్కసారే 2 మెగాహెర్ట్జ్‌కు పైగా వెడల్పున్న పట్టీని వింటుంది. ఏఐఎస్ చానళ్ల మధ్య దూరం 50 కిలోహెర్ట్జ్ మాత్రమే కాబట్టి రెండూ ఒకేసారి చేతికి అందుతాయి. ఓడలు ఒక సందేశం ఒక చానల్లో, తర్వాతిది రెండో చానల్లో పంపుతాయి. అందుకే ఒక్క చానల్ మాత్రమే విని రెండోదాన్ని వదిలేసే రిసీవర్ జోలికి పోవద్దనే చెబుతాను. సగం కబుర్లు దాని చెవిన పడవు.

చవక డాంగిల్‌లో ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ఫ్రీక్వెన్సీని నిలబెట్టే దాని లోపలి క్రిస్టల్ అంత కచ్చితంగా ఉండదు. పది లక్షల్లో 50 పాళ్ల తేడా ఉందనుకోండి, 162 మెగాహెర్ట్జ్ దగ్గర అది 8 కిలోహెర్ట్జ్ తప్పు. చానల్ మొత్తం వెడల్పే 25 కిలోహెర్ట్జ్. వేడెక్కేకొద్దీ ఆ తేడా కూడా జరుగుతూ ఉంటుంది. కాసేపు వేడెక్కనిచ్చి, సాఫ్ట్‌వేర్‌లో సవరణ అంకె ఇస్తే అంతవరకు ఒక్క ఓడా లేని స్క్రీన్ నిండిపోతుంది. ఉష్ణోగ్రతకు చలించని క్రిస్టల్ ఉన్న డాంగిల్ కొంటే ఈ బాధ ఉండదు. ఏఐఎస్ కోసమే చేసిన చిన్న రిసీవర్లు ఇంకా నయం. అవి సందేశాన్ని తామే విప్పి, చార్ట్ చూపించే ప్రోగ్రాంకు వరుసగా అందిస్తాయి. డాంగిల్‌కు తోడు కంప్యూటర్ కూడా నడవాలి కాబట్టి, బ్యాటరీ మీద బతికే పడవకు ఈ రిసీవర్లు తక్కువ కరెంటు వాడటం పెద్ద ఊరట.

ఇంతా చేసి చాలామంది తప్పటడుగు వేసేది యాంటెన్నా దగ్గర. ఈ తరంగాలు దాదాపు చూపు ఆనినంత దూరమే పోతాయి. రెండు యాంటెన్నాల ఎత్తులు మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలు కలిపి 4.12తో హెచ్చిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఓడ యాంటెన్నా 25 మీటర్ల ఎత్తులో, మనది 1 మీటరులో ఉంటే దాదాపు 25 కిలోమీటర్లు. మనదాన్ని మాస్టు మీద 9 మీటర్లకు ఎక్కిస్తే 33. సన్నటి పొడుగాటి కేబుల్ వేస్తే సంకేతం దారిలోనే నీరసపడిపోతుంది. డాంగిల్‌తో వచ్చే బుల్లి యాంటెన్నా టీవీకి చేసింది. 162 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం పొడవు 46 సెంటీమీటర్లు, ఆ కొలతకు దగ్గరగా తీగ కత్తిరించి పెట్టుకున్నా దానికన్నా బాగా వింటుంది. పడవలో ఉన్న వీహెచ్ఎఫ్ సెట్టు యాంటెన్నానే వాడాలనుకుంటే ఒకే యాంటెన్నాను రెండు పరికరాలకు పంచడం కోసమే చేసిన స్ప్లిటర్ తప్పనిసరి. లేకపోతే మాట్లాడే బటన్ నొక్కగానే 25 వాట్లు నేరుగా రిసీవర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తాయి. నాసిరకం ఎల్ఈడీ దీపాలు కూడా వినికిడిని చెడగొడతాయి. 2018లో అమెరికా కోస్ట్ గార్డ్ దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది.

తెరమీద ఓడ బొమ్మ కనబడటం కన్నా దాని వెనక జరిగే లెక్క విలువైనది. ఓడ ఉన్న చోటు, వేగం, దిశ తెలుసు, మనవీ తెలుసు. రెండూ ఇలాగే పోతే అతి దగ్గరగా ఎంత దూరంలోకి వస్తాయి, ఎన్ని నిమిషాల్లో వస్తాయి అన్నది ప్రోగ్రాం ఎప్పటికప్పుడు లెక్కకట్టి చూపిస్తుంది. 18 నాట్లతో ఓడ, 5 నాట్లతో పడవ ఎదురెదురుగా వస్తున్నాయి, మధ్యలో 12 నాటికల్ మైళ్లు. కలుసుకోవడానికి 31 నిమిషాలు. దీపం కనబడేదాకా ఆగితే 6 మైళ్లకు మిగిలేది 16 నిమిషాల లోపే. ముందే తెలిసినవాడు టెన్షన్ లేకుండా దిశ కొద్దిగా మార్చుకుంటాడు.

అయితే తెర ఖాళీగా ఉంటే సముద్రం ఖాళీ అనుకోవడం ప్రమాదం. చేపల పడవల్లో చాలావాటికి ఏఐఎస్ ఉండదు, యుద్ధనౌకలు ఆపేసుకోవచ్చు. సందేశం నిజమో కాదో తేల్చే తాళం ఈ పద్ధతిలో లేదు. 2017లో నల్ల సముద్రంలో కొన్ని ఓడల జీపీఎస్ మోసపోయి, అవి సముద్రం వదిలి గట్టు మీద విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించాయి. పైగా రిసీవర్ వింటుంది తప్ప పలకదు, ఓడకు మన ఉనికి తెలియదు. మనల్నీ చూడాలంటే 2 లేదా 5 వాట్లతో పలికే క్లాస్-బి పరికరం కావాలి. దాని ఖరీదు వేరు, దానికి లైసెన్సు, గుర్తింపు సంఖ్య ఉండాలి.

అది కొనేలోపు రిసీవర్ ఇచ్చేవాటిలో నాకు బాగా నచ్చేది ఓడ పేరు. "నా కుడివైపు ఉన్న పెద్ద ఓడ" అని ఓడలన్నీ వినే వీహెచ్ఎఫ్ పిలుపు చానల్ 16లో పిలిస్తే ఎవరిని పిలుస్తున్నామో ఎవరికీ అర్థం కాదు. పేరు పెట్టి పిలిచి, మనం ఎక్కడున్నామో, ఎటు పోతున్నామో చెబితే జవాబు వచ్చే అవకాశం చాలా ఎక్కువ.