టఫెన్డ్ చేయిస్తే లెడ్ గ్లాస్ అయిపోదు

ఎక్స్‌రే గదులకు లెడ్ గ్లాస్, అంటే సీసం కలిపిన అద్దం, బిగించే పని నాది. మొన్న ఒక కొత్త స్కాన్ సెంటర్‌లో మళ్లీ అదే మాట: "12 ఎంఎం టఫెన్డ్ వేయించాం, ఇంకేం కావాలండీ?" పెట్టిన డబ్బంతా దండగ.

అపోహ: టఫెన్డ్ అద్దం గట్టిది, కాబట్టి రేడియేషన్‌ని బాగా ఆపుతుంది.

వాస్తవం: ఆపదు. టఫెనింగ్ అంటే అద్దాన్ని 600 డిగ్రీలు దాటించి, గాలి కొట్టి గబుక్కున చల్లార్చడం. దెబ్బకు తట్టుకుంటుంది, అంతే. లోపలి సరుకు మారదు, అదే ఇసుక, సోడా, సున్నం. ఎక్స్‌రేని ఆపేది సీసం. అది కొలిమిలోనే కలవాలి, ఆ తర్వాత ఏం చేసినా రాదు. మామూలు అద్దం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.5 గ్రాములు, మేం బిగించే లెడ్ గ్లాస్‌ది దాదాపు 4.8. ఎక్స్‌రే మెషీన్ 100 కెవి (కిలోవోల్టుల) దగ్గర నడిచేటప్పుడు 1 ఎంఎం సీసం చేసే పని మామూలు అద్దంతో చేయించాలంటే బెత్తెడుకు పైనే మందం కావాలి.

ఇంకొందరు లెడ్ గ్లాస్‌నే టఫెన్డ్ చేసివ్వమంటారు. ఆ వేడికి అది మెత్తబడి వంగిపోతుంది. బలం కావాలంటే లామినేషన్, అంటే మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అద్దాలు అతికించడం, చేయించుకోండి.

అపోహ: ఆనీలింగ్ (అద్దాన్ని నెమ్మదిగా చల్లార్చడం), పాలిష్ బాగా చేస్తే షీల్డింగ్, అంటే రేడియేషన్‌ని ఆపే శక్తి, పెరుగుతుంది.

వాస్తవం: ఆనీలింగ్‌తో లోపలి ఒత్తిడి పోతుంది, పగుళ్లు రావు. పాలిష్‌తో చూపు తేటగా ఉంటుంది. పైగా అరగదీసే కొద్దీ మందం తగ్గుతుంది, షీల్డింగూ తగ్గుతుంది. అందుకే సర్టిఫికెట్‌లో కనీస మందం చూడండి.

గీతలు పడితే రేడియేషన్ లీకవుతుందా? పైపై గీతలకు కాదు. యాసిడ్‌తో మాత్రం తుడవకండి, తెల్లమచ్చలు పడతాయి.

అపోహ: అద్దం పసుపురంగులో ఉందంటే రేడియేషన్ పీల్చుకున్నట్టే.

వాస్తవం: ఆ లేత పసుపు రంగు సీసం వల్ల మొదటినుంచీ ఉన్నదే. వాడేసిన అణు ఇంధనాన్ని మందపాటి గోడల వెనక నుంచి పనిచేసే గదుల్లో (హాట్‌సెల్స్) అయితే గామా ధాటికి గాజు నిజంగానే గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకే అక్కడి గాజులో సీరియం కలుపుతారు. ఎక్స్‌రే గదిలో అంత డోసు ఎక్కడిది?

ఈ పసుపు చూసే ఒక టెక్నీషియన్ అమ్మాయి ఏడ్చేసింది. ఐదో నెల. "ఈ అద్దం పక్కనే రోజంతా కూర్చుంటున్నా సార్." ఆ టెన్షన్ తప్పని నేననను. మెషీన్ ఆన్ చేయించి అద్దం వెనక రేడియేషన్ మీటర్ పెట్టాను, ముల్లు కదల్లేదు. ఫ్రేమ్ కింది మూలకు జరిపితే మాత్రం లేచింది. గోడలోని సీసం రేకుకీ అద్దానికీ మధ్య వేలెడు సందు. ఆ సాయంత్రమే రేకు అతికించి, మీటర్ ఆ అమ్మాయి చేతికే ఇచ్చాను.