షాపులో సైకిల్, రోడ్డు మీద మోటారు బండి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ బస్టాండ్ ముందైనా బ్యాటరీ బండిని ఆపితే వినబడే మాట ఒక్కటే: "లైసెన్స్ అక్కర్లేదని షాపులో చెప్పారు సార్." ఈ మాట అబద్ధం కాదు. బండి నడిపేవాళ్లకు నిజంగానే అలా చెప్పి అమ్మారు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేని బ్యాటరీ బండికి మోటారు పవర్ 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు దాటకూడదు. ఇవన్నీ ఉండి, ఆ మోడల్‌కు గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆమోదం కూడా ఉంటేనే అది మోటారు వాహనం లెక్కలోకి రాదు. షాపులో మాత్రం 250 వాట్ల స్టిక్కర్ ఒక్కటే చూపిస్తారు. ఆ అంకె కూడా మోటారు అరగంట పాటు నిలకడగా ఇచ్చే పవర్‌కు సంబంధించింది. దాన్నిబట్టి బండి ఎంత స్పీడ్ పోతుందో తెలియదు. మోటారును అదుపు చేసే కంట్రోలర్‌లో, వేగం 25 దాటకుండా పెట్టిన స్పీడ్ లాక్ తీసేస్తే స్టిక్కర్ మారదు, బండి మాత్రం 25 దాటి పోతుంది.

అసలు మలుపు 2019 ఏప్రిల్‌లో వచ్చిందని నా నమ్మకం. ఎలక్ట్రిక్ బండ్లకు సబ్సిడీ ఇచ్చే ఫేమ్ పథకం మొదటి దశలో ఈ చిన్న బండ్లకూ కేంద్రం సబ్సిడీ ఇచ్చింది. ఆ ఏప్రిల్‌లో మొదలైన రెండో దశలో కనీసం 40 కిలోమీటర్ల వేగం, ఒక్క చార్జింగ్‌తో 80 కిలోమీటర్లు పోవాలని షరతు పెట్టింది. దాంతో చిన్న బండికి సబ్సిడీ పోయింది. ఇక అమ్ముడుపోవడానికి దానికి మిగిలిన ఆకర్షణ "కాగితాలు అక్కర్లేదు" అన్నదే. 25 స్పీడ్ చాలదన్న కస్టమర్ కోసం లాక్ తీయడం ఆ తర్వాతి మెట్టు.

కస్టమరే అడిగాడని షాపువాళ్లు అంటారు. కావచ్చు. కానీ లాక్ తీస్తే అది మోటారు వాహనం అయిపోతుందని, రిజిస్ట్రేషన్, లైసెన్స్, ఇన్సూరెన్స్ అన్నీ కావాలని ఎవరు చెప్పాలి? 2020 నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ టూవీలర్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. మొదట రెండు లక్షల బండ్లకే అన్నారు. 2024 నవంబర్‌లో ఆ పరిమితి తీసేసి, 2026 డిసెంబర్ 31 వరకు పొడిగించారు. అంటే రిజిస్ట్రేషన్ చేయిస్తే జేబుకు పడే భారం తక్కువే. ఆ సంగతి చెప్పకుండా లాక్ తీసిన బండిని చేతిలో పెట్టారు.

దానితో ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్స్ ఉండదు. నష్టపరిహారం ఇంటివాళ్లే కట్టాలి. కాలేజీకి వెళ్తున్న మైనర్ చేతిలో ఉంటే ఇంకా కష్టం: మోటారు వాహనాల 2019 సవరణ చట్టం కింద తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు.